ఎడమ పదకొండు, కుడి ఎనిమిది

నందిగామలో హైవే పక్కన జ్ఞానయ్య షాపంటే తెలియని లారీవాడు ఉండేవాడు కాదు. షాపు అనడం మర్యాద కోసమే. నాలుగు తాటిదుంగలు, పైన రేకులు, వెనక ఒక గోడ, కింద కొలిమి, కొలిమి ముందు దాగలి. లారీలకీ జీపులకీ కింద బరువు మోసే, ఉక్కు పట్టీలు పేర్చి బిగించిన కమాన్ కట్టలు బాగుచేయడం అతని పని. బోర్డు లేదు. బోర్డు బదులు జ్ఞానయ్య తిట్లు రోడ్డు దాకా వినిపించేవి.

సున్నపురాయి లోడుతో వచ్చి, "పది టన్నులేనన్నా, దేవుడి తోడు" అనే డ్రైవర్ని చూస్తే అతనికి అరికాలి మంట నెత్తికెక్కేది. బండి కిందకి దూరి, ఇరుసుకీ ఛాసీకీ మధ్య జాన పెట్టి చూసేవాడు. "నీ దేవుడు పద్నాలుగు టన్నులు మోస్తన్నాడ్రా! ఈ అబద్ధాలు ఇంటికెళ్ళి నీ పెళ్ళానికి చెప్పుకో" అనేవాడు. తిట్టేవాడు గాని పనిలో వంక పెట్టడానికి ఉండేది కాదు. బెజవాడ ఆటోనగర్లో పని నేర్చుకునే రోజుల్లో బిగించిన కట్టలోంచి ఒక పట్టీ ఎగిరి అతని కుడిచెవి సగం కోసుకుపోయింది. ఆ సగం చెవి కోసం మట్టిలో వెతుకుతుంటే, కుక్క తినేసిందిలే అని మేస్త్రీ నవ్వాడట. పదిహేనేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే జ్ఞానయ్యకి కోపం తగ్గేది కాదు.

సమ్మెట కొట్టేది భార్య లూర్దమ్మ. పెళ్ళయిన మర్నాడే సమ్మెట అందుకుంది. కాలిన పట్టీని జ్ఞానయ్య పట్టకారుతో దాగలి మీద పెట్టి, కుడిచేత్తో చిన్న సుత్తి ఒకసారి తాకించేవాడు. చిన్న సుత్తి ఎక్కడ తాకితే సమ్మెట అక్కడ పడాలి. మాట ఉండదు, ప్రశ్న ఉండదు. గట్టిగా తాకిస్తే గట్టి దెబ్బ, మెల్లగా తాకిస్తే వంపు తిరిగే దెబ్బ. పదమూడేళ్ళలో లూర్దమ్మ దెబ్బ అంగుళం పక్కకు పోలేదు. ఇంట్లో ఎంత కాట్లాడుకున్నా దాగలి దగ్గర ఇద్దరిదీ ఒకటే చెయ్యి.

జ్ఞానయ్యకి ఇంకో అలవాటుంది. పని పూర్తవగానే ఏ పక్క ఎన్ని పట్టీలు వేశాడో ఇరుసు మీద తెల్లరంగుతో రాసేవాడు. తర్వాత వేరే ఊళ్ళో ఎవడైనా కట్ట విప్పితే పట్టీ మింగేయకుండా ఉండాలని. కంచికచర్ల నుంచి కోదాడ దాకా క్లీనర్లందరికీ ఆ అంకెలు తెలుసు. అది జ్ఞానయ్య సంతకం. ఆ సంతకం చూసుకుని మురిసిపోయేవాడు కూడా, పిచ్చి మనిషి.

ఎనభై నాలుగు ఎండాకాలంలో ఆ షాపుకి వీరరాఘవయ్య పికప్పు వచ్చింది.

వీరరాఘవయ్యకీ వెంకటరత్నానికీ జగ్గయ్యపేట అవతల రాతి క్వారీ మీద గొడవ. పాలేటి పక్క ముప్పై ఎకరాల రాయి ఎవరిదన్నది అసలు తగాదా. అప్పటికి రెండేళ్ళుగా అది రాయి తగాదాగా లేదు. వెంకటరత్నం తమ్ముణ్ణి జగ్గయ్యపేట బస్టాండులో, మిట్టమధ్యాహ్నం, సోడా తాగుతున్నవాణ్ణి తాగుతున్నట్టే నరికారు. గ్లాసు చేతిలోంచి జారలేదనీ, చెయ్యే జారిందనీ చూసినవాళ్ళు చెప్పుకున్నారు. నెల తిరక్కుండా వీరరాఘవయ్య గుమస్తాని గోనెసంచిలో మునేట్లో పడేశారు. ఇక అక్కణ్ణించి నాటుబాంబులు. దీపావళి సామాను కొన్నట్టు కొంటున్నారని పోలీసులే నవ్వుకునేవాళ్ళు.

ప్రాణభయంతో వీరరాఘవయ్య మూతపడిన రైసుమిల్లు బాయిలరు కోయించి, ఆ మందపాటి రేకుల్ని తన పికప్పుకి లోపలివైపు వేయించాడు. దాంతో బండి కడుపుతో ఉన్న గేదెలా కిందకి కూర్చుంది. గుంతలో పడితే ఇరుసు వెళ్ళి ఛాసీని గుద్దుతోంది.

"లేపాల్రా జ్ఞానయ్యా. నాలుగు వేళ్ళన్నా లేపాలి. చూసేవాడికి మామూలు బండిలాగుండాలి" అన్నాడు వీరరాఘవయ్య.

ఆ బండి నడిపేది బుల్లిబాబు. లూర్దమ్మ తమ్ముడు. తల్లి పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. లూర్దమ్మ వాణ్ణి వెంటబెట్టుకునే కాపురానికొచ్చింది. ఆ షాపులోనే పట్టీలు పట్టుకుని, తిత్తులు ఊది, లారీలెక్కి డ్రైవరయ్యాడు. వీరరాఘవయ్య దగ్గర చేరాక తెల్లచొక్కా, చేతికి గడియారం, జేబులో దువ్వెన. వాడి దర్జా చూసి లూర్దమ్మ దిష్టి తీసేది.

జ్ఞానయ్య బండి కిందకి దూరి జాన పెట్టాడు. ఎడమపక్క మూడు వేళ్ళ సందు. కుడిపక్క జానెడు పైనే ఉంది. మళ్ళీ కొలిచాడు. బయటికొచ్చి తలుపులు తట్టి చూశాడు. ఎడమ తలుపు దబ్బుమంది. కుడి తలుపు డొల్లగా మోగింది.

"అయ్యా, డ్రైవరు పక్క రేకు లేదేం?"

"నేను కూర్చునేది ఎడమేగా."

"రెండో పక్క కూడా ఏయించండయ్యా. బరువు నేను మోయిత్తా. కుడికి ఇంకో మూడు పట్టీలేత్తే ఇట్టే మోసుద్ది."

"ఇంకో రెండు క్వింటాళ్ళయితే బండి పరిగెత్తొద్దా? ఎవడన్నా తరిమితే? డ్రైవర్ని చంపి వాళ్ళేం బావుకుంటారు లేరా!"

సమ్మెట ఆనించుకుని నిలబడ్డ లూర్దమ్మ ఉండబట్టలేకపోయింది. "మా వోడిది ప్రాణం కాదాండి?" అంది.

వీరరాఘవయ్య ఆమె వంక చూడను కూడా చూడలేదు. బుల్లిబాబే అడ్డొచ్చాడు. "నువ్వూరుకోవే అక్కా. అయ్యగారికి తెలీదా?"

జ్ఞానయ్య పళ్ళు నూరుకుని పనిలో పడ్డాడు. పనిలో పడ్డాక కోపం మర్చిపోయాడు, అదే అతని రోగం. లారీ పట్టీలు నాలుగు వేసి పారెయ్యమన్నాడు వీరరాఘవయ్య. "దప్పం పట్టీ ఏత్తే బండి లేత్తదయ్యా, కాని ఎగిరెగిరి పడుద్ది. గుంతలో చక్రం నేల వదిలిందా, ఇంక స్టీరింగు మన మాట ఇనదు" అని, పల్చటివే ఎక్కువ వేస్తానన్నాడు. పాడైన మిలిటరీ ట్రైలరు పట్టీలు తెచ్చి, ఒక్కొక్కటీ కాల్చి, వంపు పెంచి, నూనెలో చల్లార్చి, మళ్ళీ వెచ్చజేసి పదును పెట్టాడు. కుడిపక్క ఎనిమిది. ఎడమపక్క బరువుకి పదకొండు. కుడికి కూడా అవసరమవుతాయేమోనని ఇంకో మూడు కోసి గోడకానించాడు. ఎప్పటికైనా అయ్య మనసు మారకపోతుందా అని ఆశ.

మూడో రోజుకి బండి లేచి నిలబడింది. బానెట్టు మీద నిండా నీళ్ళు పోసిన గ్లాసు పెడితే ఏ పక్కకీ ఒరగలేదు. టీ బంకు దగ్గరి డ్రైవర్లు వచ్చి చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. జ్ఞానయ్య రంగుడబ్బా తీసి, కిందకి దూరి, ఇరుసు మీద రాశాడు: ఎడమ 11, కుడి 8. చెయ్యి అలవాటు కొద్దీ రాసుకుపోయింది. బుర్ర అక్కడ లేదు.

వారం తర్వాత నాగులు లారీ ఆపి దిగాడు. పెనుగంచిప్రోలు వాడు. పుల్లమ్మ ఒక్కగానొక్క కొడుకు. పెద్ద వాగుడుకాయ. లారీ ఓనరుతో పడక పని మానేద్దామనుకుంటున్నాడు.

"జ్ఞానయ్యన్నా, నీ పేరు క్వారీల దాకా పోయిందిగా! రాఘవయ్యగారి పికప్పు ఎడమ పదకొండు, కుడి ఎనిమిదంటగా? ఒకే బండికి రెండు లెక్కలేందన్నా, కైపులో రాశావా?"

"నీకెవడు చెప్పాడ్రా?"

"జగ్గయ్యపేట పంచరు షాపులో వెంకటరత్నం మనుషులు అనుకుంటన్నారు. ఆ పికప్పు టైరు మారుత్తా షాపోడు చూశాడంట. తెగ నవ్వుకున్నారు."

నాగులుకి అర్థం కాకపోయినా జ్ఞానయ్యకి అర్థమైంది. ఎడమ మూడు పట్టీలు ఎక్కువంటే ఎడమ బరువెక్కువ. ఎడమ బరువెక్కువంటే రేకు ఎడమకే ఉంది. కుడిపక్క వట్టి తలుపు. బాంబు ఎటునుంచి వెయ్యాలో, ముందు ఎవణ్ణి చంపితే బండి ఆగుతుందో తన చేత్తో, తెల్లరంగుతో, ఏ వెధవకైనా అర్థమయ్యేలా రాసి పంపాడు. తల తీసి మొలేసినట్టయింది. నాగులుకి ఏమీ చెప్పలేదు. "పోరా, పనుంది" అని కసిరి పంపేశాడు.

అప్పటికప్పుడు వీరరాఘవయ్య ఇంటికి పరిగెత్తాడు. ఉన్నదున్నట్టు చెప్పి కాళ్ళ మీద పడ్డాడు. "కుడికి మూడు పట్టీలేసి, రేకు కూడా బిగిత్తానయ్యా. మీరు పైసా ఇయ్యొద్దు. నేను రాసింది చెరిపేత్తా."

వీరరాఘవయ్య మీసం దువ్వుకున్నాడు. తర్వాత నవ్వాడు.

"చెరపమాకు. శుక్రవారం జగ్గయ్యపేట కోర్టులో నా వాయిదా ఉందని వాళ్ళకి తెలుసు. కుడిపక్క ఖాళీ అని కూడా తెలుసన్నమాట. అంటే చిల్లకల్లు దాటాక కల్వర్టు దగ్గర కుడిపక్క తోటలోంచే వత్తారు. ఆ తోటలో నా మనుషులు ముందే కూర్చుంటారు. ఒక్కడు తిరిగెళ్ళడు."

"మరి బుల్లిబాబయ్యా?"

"వాడికి నేను చెప్తాలే. మగాడు. కాదనడు."

జ్ఞానయ్య ఇంటికొచ్చి లూర్దమ్మకి చెప్పాడు. చెప్పేటప్పుడు ఏడ్చాడు. లూర్దమ్మ ఏడవలేదు. "ఎరగా గుచ్చుతున్నాడా నా తమ్ముణ్ణి?" అంది. గిన్నె విసిరి గోడకి కొట్టింది. ఆ రంగుడబ్బా బయటికి తీసుకెళ్ళి రోడ్డు మీద పారబోసింది. భర్తని తిట్టరాని తిట్లు తిట్టింది. అన్నీ పడ్డాడు.

గురువారం బుల్లిబాబు బండి తెచ్చాడు. కొత్త కట్ట వేశాక వారానికి, దాన్ని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు మళ్ళీ బిగించాలి. ఇద్దరూ వాణ్ణి కూర్చోబెట్టుకుని బతిమాలారు. ఖమ్మం పోయి లారీ చూసుకోమన్నారు. లూర్దమ్మ మెడలో గొలుసు తీసి చేతిలో పెట్టింది.

వాడు గొలుసు తిరిగిచ్చేశాడు. "అయ్యగారు నన్ను నమ్మి చెప్పాడక్కా. రేపు పారిపోతే నందిగామలో నా మొహం మీద ఉమ్మేత్తారు. తోటలో మనోళ్ళు పదిమంది ఉంటన్నారు. బాంబు ఏసేలోపే నరుకుతారు. నాకేం కాదు."

"నీకు బాంబంటే తెలుసంట్రా?" అంది లూర్దమ్మ. "గుమస్తా బామ్మర్దిని చూశావుగా, పొట్ట గుడ్డలో మూటగట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళారు."

"చచ్చినా మగాడిలా చత్తాలే. నన్నొదిలెయ్యండి."

జ్ఞానయ్య వాణ్ణి చూశాడు. ఎంత చెప్పినా తలకెక్కదని తేలిపోయింది. యూ బోల్టులు బిగించాడు. చేతులు తుడుచుకున్నాడు. గోడకున్న మూడు పట్టీల్లో ఒకటి తీసి దాగలి మీద పెట్టాడు.

"సరేరా బుల్లీ. ఎల్దువుగాని. ఈ పట్టీ కొంచెం పట్టుకో, చివర సరిచేసుకుంటా."

బుల్లిబాబు ఏడేళ్ళప్పటి నుంచీ చేసినట్టే వచ్చి, గడియారం తీసి జేబులో పెట్టుకుని, చల్లటి పట్టీ మీద కుడిచెయ్యి ఆనించి పట్టుకున్నాడు. లూర్దమ్మ సమ్మెట ఎత్తింది. జ్ఞానయ్య ఎడమచేత్తో బామ్మర్ది మోచేతిని ఉడుంపట్టు పట్టాడు. చిన్న సుత్తిని పట్టీ మీద కాదు, వాడి మణికట్టు మీద తాకించాడు. మెల్లగా తాకించాడు.

లూర్దమ్మ ఒక్కసారి మొగుడి మొహంలోకి చూసింది. సమ్మెట దిగింది.

ఎముక విరిగిన చప్పుడు రోడ్డవతల టీ బంకు దాకా వినిపించింది. బుల్లిబాబు గొడ్డులా అరిచి మట్టిలో దొర్లాడు. చర్మం చీల్చుకుని తెల్లటి మొన బయటికొచ్చింది. తెల్లచొక్కా నిండా నెత్తురు. "చంపేశావే! అక్కా, చంపేశావే!" అని అరుస్తూనే ఉన్నాడు. లూర్దమ్మ సమ్మెట పక్కన పడేసింది. తర్వాత చీర కొంగు చింపి వాడి చెయ్యి కట్టింది. కడుతుంటే వాడు ఆమె మొహాన ఉమ్మాడు. తుడుచుకోకుండానే కట్టింది.

సాయంత్రానికి వీరరాఘవయ్య వచ్చాడు. సమ్మెట జారిందన్న మాట నమ్మలేదు. జ్ఞానయ్యని మెడబట్టి కొలిమిలోకి తోశాడు. చేతులు అడ్డం పెట్టుకోబట్టి మొహం దక్కింది, అరచేతులు రెండూ ఉడికిపోయాయి. కడుపులో నాలుగు తన్నులు తన్ని, బండి వేరేవాడి చేత తోలించుకుని వెళ్ళిపోయాడు. నేల మీద పడుకున్న జ్ఞానయ్య మాత్రం లోపల్లోపల సంతోషించాడు. బుల్లిగాడు బతికాడు. డ్రైవరు లేడు గనక రేపు వాయిదాకి ఆ పికప్పు వెళ్ళదనుకున్నాడు. ఊళ్ళో ఇంకో డ్రైవరు దొరకడా అన్న ఆలోచన రాలేదు. ఎందుకు రాలేదో తర్వాత చచ్చేదాకా అతనికి అర్థం కాలేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి హారన్ మోగింది. జ్ఞానయ్య తలెత్తి చూశాడు. పికప్పు వస్తోంది. ఎడమ సీట్లో వీరరాఘవయ్య నల్లకళ్ళజోడుతో కూర్చున్నాడు. కుడిపక్క, స్టీరింగు దగ్గర, నాగులు.

"జ్ఞానయ్యన్నా! ఉద్యోగం దొరికింది!" అని అరిచి, ఆ డొల్ల తలుపులోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు.

"ఆపరా! ఒరే నాగులూ, ఆపు!" జ్ఞానయ్య కాలిన చేతులెత్తి రోడ్డు మీద పరిగెత్తాడు. షాపు దాటాక పెద్ద గుంత ఒకటుంది. ఎంతటి బండైనా అక్కడ నెమ్మదించాల్సిందే. అక్కడ అందుకుంటాననుకున్నాడు. పికప్పు ఆ గుంతలో దిగింది, లేచింది, వేగం తగ్గలేదు. అంత బాగా చేశాడు మరి. పాడు పని, దిక్కుమాలిన పని, ఎందుకంత బాగా చేశాడో! లారీ ఒకటి పట్టుకుని చిల్లకల్లు వెళ్ళేసరికి పొగ కనిపించింది.

రెండు బాంబులు. రెండూ కుడి తలుపుకే. తోటలో కూర్చున్న వీరరాఘవయ్య మనుషులు బాంబులు పేలాకే లేచారు. పారిపోతున్న ముగ్గుర్ని మిరపచేలో తరిమి తరిమి నరికారు. మిరపకాయల ఎరుపేదో నెత్తురేదో తెలియలేదని పంచనామా రాసిన కానిస్టేబులు అన్నాడట. వీరరాఘవయ్యకి ఒక చెవి దిబ్బడ పడింది, అంతే. బాయిలరు రేకు మీద చిన్న సొట్ట. నాగులు స్టీరింగుకి అతుక్కునే ఉన్నాడు. నడుం నుంచి పైకే ఉన్నాడు. ఇందాక ఊపిన చెయ్యి కల్వర్టు కింద దొరికింది. జ్ఞానయ్యే ఏరాడు, కాలిన చేతుల్తోనే. తన తువ్వాల్లో చుట్టి పుల్లమ్మకి అప్పజెప్పాడు. ఆ ముసలమ్మ తువ్వాలు విప్పి, వేళ్ళు ఒక్కొక్కటే నిమురుతూ కూర్చుంది. ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని ఆమె అడగలేదు. ఆమెకి చెప్పే దమ్ము జ్ఞానయ్యకి లేకపోయింది.

నెలన్నర తర్వాత పోలీసులు వదిలిన పికప్పు మళ్ళీ షాపు ముందుకొచ్చింది. కుడి తలుపు కొత్తది. దానికి లోపల కొత్త రేకు.

"ఇక మీదట మా భవానీప్రసాదు తోల్తాడు" అన్నాడు వీరరాఘవయ్య. భవానీప్రసాదు ఆయన కొడుకు. "కుడిపక్క కూర్చుంది బండి. ఎన్ని పట్టీలు కావాల్రా?"

జ్ఞానయ్య కిందకి దూరలేదు. జాన పెట్టలేదు. "మూడు" అన్నాడు.

"అవిగో, గోడకి ఉన్నాయిగా. ఎయ్యి."

"అయి అమ్మకానికి లేవయ్యా. అయి నాగులువి."

వీరరాఘవయ్య దిబ్బడ పడని చెవి ముందుకు వంచి, "ఏందిరా?" అని చెయ్యెత్తాడు. లూర్దమ్మ సమ్మెట భుజానికెత్తుకుని వచ్చి మొగుడి పక్కన నిలబడింది. ఆ సమ్మెట ఎత్తిన తీరు చూశాడు ఆయన. వెనక్కి అడుగేసి, బండెక్కి, "బెజవాడలో లేరంట్రా మేస్త్రీలు!" అని అరుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత జ్ఞానయ్య ఇంకో ఇరవై ఏళ్ళు కమాన్లు కట్టాడు. ఏ బండి మీదా ఒక్క అంకె రాయలేదు.

వీరరాఘవయ్య వెళ్ళిపోయిన ఆ మధ్యాహ్నం లూర్దమ్మ షాపులోనే కంచంలో అన్నం కలిపింది. బుల్లిబాబు చేతికి ఇంకా కట్టు విప్పలేదు. విప్పినా ఆ వేళ్ళు స్టీరింగు పట్టవని డాక్టరు చెప్పేశాడు. ఈ నెలన్నరా ఆమె ముద్దలు పెడుతోంది, వాడు తింటున్నాడు. కాని ఒక్క మాట మాట్లాడలేదు. గోడ వైపే చూస్తూ నమిలేవాడు.

ఆ రోజు ముద్ద నోటి దగ్గరికి వచ్చాక వాడు మొహం ఇటు తిప్పాడు. గోడకానించిన మూడు పట్టీల్నీ, అక్కనీ చూశాడు.

"అక్కా, నాగులు చెయ్యి ఇరగ్గొట్టేవోళ్ళు ఒక్కళ్ళూ లేకపోయారే" అన్నాడు.

లూర్దమ్మ ఆ ముద్ద వాడి నోట్లో పెట్టి, ఇంకో ముద్ద కలిపింది.